బెల్లం సొమ్ముతో రంగం పోయినవాడు

మా వైపు ఊళ్ళలో ఒకప్పుడు మనిషి కనబడకుండా పోతే చచ్చిపోయాడనీ అనేవారు కాదు, పారిపోయాడనీ అనేవారు కాదు. "రంగం పోనాడు" అనేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. యలమంచిలి చుట్టుపక్కల నా చిన్నప్పుడు, అంటే యాభైల్లో, వీధికో రంగం ఇల్లు ఉండేది. ఆ ఇళ్ళని గుర్తుపట్టడం తేలిక. అరుగు మీద బర్మా టేకు కుర్చీ, లోపల మంచం కింద రంగం పెట్టె, దాని తాళంచెవి ముసలమ్మ మొలతాడుకి. ఆ పెట్టెలో ఏముండేదో మాకెవరికీ చూపించేవారు కాదు. మా నాయనమ్మ అన్నగారి పెట్టె మాత్రం ఆయన పోయాక తెరిచారు. ఒక లక్క డబ్బా, రెండు పట్టు లుంగీలు, ఏవో రసీదులు. అంతే.

బి.ఐ., అంటే బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఆగి మనుషుల్ని ఎక్కించుకుని పోయేవి. పంట కోతలయ్యాక వెళ్ళి రంగూన్ బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ బస్తాలు మోసి, ఏడాదికో రెండేళ్ళకో తిరిగి వచ్చేవాళ్ళు వేలల్లో ఉండేవారు. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి దిగితే అడవులు పడి నడిచి వచ్చినవాళ్ళు కొందరు, నడవలేక దారిలోనే పోయినవాళ్ళు కొందరు. అక్కడే ఉండిపోయినవాళ్ళలో చాలామంది మళ్ళీ 1964 తర్వాత, నే విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ స్వాధీనం చేసుకున్నాక, కట్టుబట్టలతో ఓడ దిగారు. విశాఖపట్నంలో వాళ్ళుండే చోటుని ఇప్పటికీ బర్మా క్యాంపు అనే అంటారు. ఇదంతా మా ఇళ్ళలో రోజూ నలిగిన కథ.

దక్షిణాఫ్రికాలో మనవాళ్ళు చెరుకు తోటల ఒప్పంద కూలీకి వెళ్ళిన నెటాల్ మాట మాత్రం మా ఇళ్ళలో ఎన్నడూ వినలేదు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టార్ని. గాంధీగారిని 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో రైల్లోంచి దింపేసిన పాఠం ఏటా చెప్పేవాణ్ణి. ఆయన ఎవరి కోసం కొట్లాడాడో ఆ కూలీల్లో మా తాలూకా వాళ్ళూ ఉన్నారన్న సంగతి పాఠ్యపుస్తకంలో లేదు, ఊళ్ళో ఎవరి నోటా లేదు.

1995లో నెటాల్ రేవు డర్బన్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ రిటైరైన టీచరు, అక్కడికి కూలీగా వెళ్ళిన తన తాత ఊరు వెతుక్కుంటోంది. హైదరాబాద్‌లో ఎవరో ప్రొఫెసర్ని పట్టుకుంటే ఆయన మా హెడ్మాస్టారికి రాస్తే, ఆయన నా వైపు తోశాడు. నాకేమో ఇలాంటివంటే మొదట్నుంచీ పిచ్చి. శాసనాలు, కైఫీయతులు (ఊళ్ళ పాత చరిత్రల కాగితాలు) అంటూ తిరుగుతూ ఉంటాను కదా, పనిలో పని ఇదీ చూడు అన్నాడు.

ఉత్తరంతో పాటు ఒక జిరాక్స్ కాగితం. ఓడ జాబితాలో ఒక పేజీ. చేతిరాత, వాలుగా, కొన్నిచోట్ల సిరా పాకిపోయి ఉంది. ఆవిడ ఒక వరుస కింద ఎర్ర గీత గీసింది. గడులు ఇలా ఉన్నాయి: నెటాల్ ప్రభుత్వం వేసిన నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీద గుర్తులు. నంబరు లక్షకి అటూ ఇటూగా ఉంది. పేరు అప్పన్న. తండ్రి సన్యాసి. వయసు 22. కులం గవర. జిల్లా విజాగపటం, తాలూకా సర్వసిద్ధి. గుర్తు: ఎడమ పిక్క మీద మచ్చ. ఓడ పేరు ఉమ్లాజీ, సంవత్సరం 1903.

ఆ కాగితం చూస్తే నాకు మొదట కలిగింది దిగులు. సింహాద్రి అప్పన్న దయవల్ల మా జిల్లాలో ఇంటికో అప్పన్న, వీధికో సన్యాసి. అప్పన్న కొడుకు సన్యాసి, సన్యాసి కొడుకు అప్పన్న, తాత పేరు మనవడికి పెట్టుకుంటూ ఎన్ని తరాలైనా ఆ రెండు పేర్లతోనే లాగించేస్తారు. మనిషిని ఆనవాలు పట్టేది ఇంటిపేరుతో. ఆ గడి జాబితాలో లేదు. ఓడ ఎక్కించేముందు కూలీల్ని ఉంచే మద్రాసు డిపోలో కూర్చుని రాసుకున్న గుమస్తాకి ఒంటి మీద మచ్చ కావలసి వచ్చింది గానీ ఇంటిపేరు అక్కర్లేకపోయింది. మనిషి పారిపోతే పట్టుకోవడానికి మచ్చ పనికొస్తుంది. ఇంటిపేరు దేనికి? చివరికి డర్బన్‌లో తాత పేరే వంశం మొత్తానికీ ఇంటిపేరై కూర్చుంది. ఆవిడ, ఆవిడ అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అందరూ అప్పన్నలే.

ఈ జాబితాల గురించి నేను తర్వాత్తర్వాత తెలుసుకున్నది కొంత చెప్పాలి. నెటాల్‌కి మొదటి ఓడ ట్రూరో. మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ రవాణా ఆగిపోయేలోగా వెళ్ళినవాళ్ళు మొత్తం 152,184 మంది. అందులో మూడింట రెండొంతుల దాకా మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు అందులో కలిసి ఉన్నారు. అంత మందికీ పేరు పేరునా వరుస ఉంది, ఆ రిజిస్టర్లు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి. మారిషస్‌లో అయితే 1860ల నుంచి కూలీల ఫోటోలు కూడా తీసి పెట్టారు, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే వంశంవాళ్ళకి చూపిస్తారు. మా ఊళ్ళో 1903లో పుట్టినవాడికి పుట్టినట్టు కాగితం లేదు. వెళ్ళిపోయినవాడికి మాత్రం ఎడమ పిక్క మీద మచ్చతో సహా లెక్క ఉంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నవ్వూ వస్తుంది.

సరే, వెతుకులాట. సర్వసిద్ధి తాలూకా అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. ఆ పేరుతో ఊరుంది గానీ తాలూకా కచేరీ ఉన్నది యలమంచిలిలోనే. కాబట్టి మనిషి మా చుట్టుపక్కలవాడే. గ్రామం గడిలో రాసిన పేరుతో మాత్రం మా ప్రాంతంలో ఏ ఊరూ లేదు. చివర 'పాడు' లాంటిదేదో కనిపిస్తోంది. తెలుగువాడు చెప్పినదాన్ని అరవ గుమస్తా విని ఇంగ్లీషులో రాసుకున్న పేరు. పైకి చదివి, యాస మార్చి చదివి, మా ఇంట్లో పిల్లలచేత చదివించి, చివరికి మూడు ఊళ్ళు అనుకున్నాను. గవర కులం అని ఉండడం కలిసొచ్చింది. వాళ్ళు ఎక్కువగా అనకాపల్లి చుట్టుపక్కలే. ఆ మూడిట్లో ఒక ఊళ్ళో ఆ కులంవాళ్ళు అసలు లేరు.

మిగిలిన రెండు ఊళ్ళ కరణాల ఇళ్ళకి వెళ్ళాను. ఇది జమీందారీ కాదు, సర్కారు తాలూకా. కాబట్టి భూమిశిస్తు సెటిల్‌మెంట్ నాటి డైగ్లాట్ రిజిస్టర్లలో పట్టాదారుల పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన ఉంటాయి. ఒక కరణంగారి అటక మీంచి అవి దింపితే సగం చెదలు, సగం ఎలుకలు. ఉన్నంతలో సన్యాసులు బోలెడుమంది. భూమి లేనివాడైతే అసలు రిజిస్టర్లోకే ఎక్కడు. కూలీకి పోయినవాడికి భూమి ఉందని నమ్మకం ఏమిటి? రెడ్లకీ మరికొందరికీ వంశం చదివే పిచ్చుకుంట్లవాళ్ళ లాంటివాళ్ళుంటారు. మా వైపు అలా చదివేవాళ్ళెవరూ నాకు దొరకలేదు.

అప్పుడు మనుషుల్ని అడగడం మొదలుపెట్టాను. "నెటాల్ వెళ్ళినవాళ్ళు మీ ఇళ్ళలో ఉన్నారా?" ఎవరికీ తెలీదు. "దక్షిణాఫ్రికా?" అబ్బే. ఒకాయన "గాంధీగారెల్లిన దేశం కదేటి, మనోళ్ళెందుకెల్తారు?" అన్నాడు. ప్రశ్నే తప్పు అని తట్టడానికి చాలా రోజులు పట్టింది. ఊరికి తెలిసిన దూరదేశం ఒక్కటే. ఎవడు ఎక్కడికి పోయినా ఊరు వాణ్ణి రంగమే పంపించేసింది. ఓడ తూర్పుకి పోయిందో పడమటికి పోయిందో గట్టు మీద మిగిలినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న మార్చి "రంగం పోయి తిరిగి రానివాళ్ళు ఎవరు?" అంటే మళ్ళీ ఇంకో చిక్కు. ఊరు ఊరంతా చెప్పుకొచ్చింది.

ఆవిడ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నాలుగు పేజీల ఉత్తరం. మొదటిసారి జిరాక్స్ కాగితం ధ్యాసలో పడి మూడో పేజీలో ఒక వాక్యం మీద నిలవలేదు. వాళ్ళ తాత తనను గురించి ఎప్పుడూ ఒకటే చెప్పేవాడట. ఎడ్లబండి మీద బెల్లం వేసుకుని బజారుకి వెళ్ళాడట. అక్కడ ఒక మనిషి మంచి ఉద్యోగం ఉందని చెప్పి రైలెక్కించాడట. అంతే, ఇంకేమీ చెప్పేవాడు కాదట. ఇంకో సంగతి: ఉగాది ముందురోజు కొత్త అమావాస్య నాడు ఆ ఇంట్లో కోడిని కోసి నూకాలమ్మకి పెట్టడం తాత ఉన్నన్నాళ్ళూ తప్పలేదట. అనకాపల్లి నూకాలమ్మ జాతర ఆ రోజునే. బెల్లం బజారంటే అనకాపల్లి కాక మరేమిటి? రైలు అప్పటికి వచ్చి పదేళ్ళు, ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను 1893లో పడింది. అన్నీ అతుకుతున్నాయి.

మర్నాడు స్కూలు వదిలాక రెండో ఊరికి సైకిలు మీద వెళ్ళాను. గవర్ల వీధిలో ఒక మామ్మ అరుగు మీద కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. అడ్డపొగ అంటే తెలియనివాళ్ళకి: చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, మా వైపు ముసలమ్మలకే చేతనైన విద్య. ఎనభై దాటిన మనిషి, చెవులు మాత్రం పాముచెవులు. అంతకుముందు నేను వచ్చి ఊరందర్నీ అడిగి పోయిన సంగతి ఆవిడకి తెలుసు.

"రంగం పోయి రానోల్లు ఊరికి నలుగురున్నారు. ఏ రంగపోడి కోసం ఎతుకుతున్నావు మాస్టారూ?"

"బెల్లం అమ్మడానికి వెళ్ళి రానివాడు మామ్మా."

చుట్ట నోట్లోంచి తీసింది. నిప్పు చూసుకుంది. "ఆడా," అంది. "మా సినమావ. బెల్లం సొమ్మట్టుకుని రంగం ఎల్లిపోనాడు. మా అత్త సచ్చిందాకా తిట్టుకునే సచ్చింది ఆణ్ణి."

నేను అరుగు మీద కూలబడ్డాను. అప్పుడు ఆవిడ చెప్పింది. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఇది పాత కథ. అన్నదమ్ములిద్దరు. పెద్దవాడు ఈవిడ మామగారు. ఆ ఏడాది చెరుకు బాగా పండింది, అప్పు తీర్చడానికి బెల్లమంతా బండికెత్తి చిన్నవాణ్ణి అనకాపల్లి పంపారు. మూడోనాడు పక్క ఊరివాడెవడో ఖాళీ బండిని తోలుకొచ్చి అప్పజెప్పాడు. మనిషి లేడు, సొమ్ము లేదు. షావుకారు అప్పుకి ఎడ్లజత పట్టుకుపోయాడు. ఎడ్లు పోయాయన్నది అసలు మంట. తమ్ముడు పోయాడన్నది ఆ తర్వాత. ఆ ఇంట్లో ఎవరైనా డబ్బు లెక్క తేడా చేస్తే "రంగం తాత బుద్ధులొచ్చాయిరా" అని తిట్టడం తొంభయ్యేళ్ళుగా ఉంది.

ఆ మాట డర్బన్‌కి ఎలా రాయాలో తెలియక రెండు మూడు కాగితాలు చింపేశాను. చివరికి ఉన్నదున్నట్టు రాశాను. ఆవిడ నుంచి టెలిగ్రాములాంటి ఉత్తరం వచ్చింది: ఫిబ్రవరిలో బయలుదేరుతున్నాం, అన్నయ్యా నేనూ.

అప్పటికి దక్షిణాఫ్రికా నుంచి రావడం సులువై రెండేళ్ళే అయింది. 1946లో మన ప్రభుత్వం ఆ దేశంతో వ్యాపారం తెంచేసింది. ఆ తర్వాత మన పాస్‌పోర్టుల మీద దక్షిణాఫ్రికాకి చెల్లదని అచ్చేసి ఇచ్చేవారు. 1993లో మళ్ళీ సంబంధాలు కలిశాయి. వర్ణవివక్ష మీద పోరులో అది సబబైన పనే, కాదనను. కానీ ఆ మధ్యకాలంలో ఇక్కడివాళ్ళూ అక్కడివాళ్ళూ ఒకరినొకరు గుర్తున్నవాళ్ళంతా పోయారు. ఒక తరం ముందు వచ్చి ఉంటే తాత అన్నగారే ఉండేవాడేమో అని ఆవిడ నాతో తర్వాత అంది.

యలమంచిలి స్టేషన్లో దిగిన మనిషి చీర కట్టు చూసి నాకు ఆశ్చర్యం. మా పెద్దమ్మలు కట్టినట్టే ఉంది. నోరు విప్పితే ఇంగ్లీషు. మధ్యలో ఉన్నట్టుండి తెలుగు ముక్కలు రాలేవి. అవి పుస్తకాల తెలుగు కాదు, హైదరాబాద్ తెలుగు కాదు. "ఏటి?" అనేది. చిన్నపిల్లాణ్ణి "గుంటడు" అనేది. నా భార్య వాళ్ళక్కని పిలవడం విని "మేమూ అప్పా అనే అంటాం" అని పసిపిల్లలా సంబరపడింది. మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళు నామోషీ అని వదిలేసిన మాటలు సముద్రం అవతల ఆవిడ దాచిపెట్టుకుంది. అందరూ నన్ను పిలిచినట్టే నన్ను మాస్టారూ అనడం ఒక్క పూటలో నేర్చేసుకుంది. అన్నగారు మాట్లాడేవాడు కాదు. నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయేవాడు.

ఊరికి వెళ్ళే దారిలో గానుగ ఆడుతుంటే జీపు ఆపమంది. చెరుకు రసం పెద్ద పెనంలో మరుగుతోంది. మడ్డి తేరినకొద్దీ తెడ్డుతో తీసి అవతల పారబోస్తున్నారు. ఆవిడ చాలాసేపు ఆ పొగలో నిలబడింది. ఈ వాసన నాకు తెలుసు అంది. వాళ్ళ తాతని మొదట పంపించింది టోంగాట్ చెరుకు తోటలకి. చెరుకు నుంచి చెరుక్కే వెళ్ళాడన్నమాట. ఒప్పందం ఐదేళ్ళు. జీతం మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఏడాదికో షిల్లింగు పెంచి ఐదో ఏట 14. మన లెక్కలో మొదటి జీతం ఏడున్నర రూపాయలు. ఐదేళ్ళయ్యాక కొత్త ఒప్పందం రాయకుండా అక్కడే స్వేచ్ఛగా ఉంటానంటే ఏటా మనిషికి 3 పౌన్ల పన్ను. అంటే నాలుగు నెలల జీతం పైమాటే. భార్యకి వేరే, పదమూడు దాటిన ఆడపిల్లకి వేరే, పదహారు దాటిన మగపిల్లాడికి వేరే. కూలీని మళ్ళీ తోటలోకో, లేదంటే తిరిగి ఓడ మీదకో తోలడానికే 1895 చట్టంలో అది పెట్టారు, పిల్లలకి 1903లో పొడిగించారు. 1913లో బొగ్గుగనుల నుంచి చెరుకుతోటల దాకా పనులు ఆపేసి సమ్మె చేస్తే గానీ, మరుసటేడు అది పోలేదు. తాత ఆ పన్నుకి భయపడి రెండోసారి ఒప్పందం రాశాడట. తర్వాత డర్బన్ మునిసిపాలిటీలో పారిశుధ్యం పని. ఈవిడ పుట్టింది ఆ పనివాళ్ళుండే మ్యాగజైన్ బ్యారక్స్‌లో, తమిళులూ తెలుగువాళ్ళూ గోడకి గోడ ఆనించి బతికిన గదుల్లో. అరవైల్లో జాతుల వారీగా ఊళ్ళు విడగొట్టినప్పుడు ఆ బ్యారక్స్ ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కి పంపేశారు. ఆ లెక్కన వాళ్ళ వంశం రెండుసార్లు లేచిపోయింది, ఒకసారి బెల్లం బజారు నుంచీ ఒకసారి బ్యారక్స్ నుంచీ.

మామ్మ ఇంటి ముందు ఊరు ఊరంతా పోగైంది. మామ్మ మాత్రం అరుగు దిగలేదు. ఈవిడ వెళ్ళి కాళ్ళకి దండం పెట్టింది. మామ్మ గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో దూడని చూసినట్టు. అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. అప్పుడు అడిగింది.

"అయితే బెల్లం డబ్బులు తెచ్చినారేటి?"

ఎవరూ నవ్వలేదు. నేను ఇంగ్లీషులోకి చెప్పేలోపే ఆవిడకి అర్థమైంది. ఏడ్చేస్తుందేమో అనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మామ్మకి అంటుకుంది, ఆ తర్వాత వీధంతా. ఆ నవ్వుల మధ్యే ఆవిడ వచ్చీరాని తెలుగులో తన వైపు కథ చెప్పింది. తాత ఆ డబ్బు కళ్ళజూడలేదు. పని ఇప్పిస్తానన్నవాడే దాచిపెడతానని పుచ్చుకున్నాడు. రైల్లో మద్రాసు వరకూ వచ్చి డిపో గేటు దగ్గర మాయమయ్యాడు. బెల్లం సొమ్ము లేకుండా ఇంటికి ఏ మొహంతో పోను అనేవాడట తాత. "నమ్మడం నమ్మకపోడం నీ ఇష్టం మామ్మా" అంది చివర్న. మామ్మ ఏమీ అనలేదు. చుట్ట వెలిగించుకుంది. నాకు నిజం ఏదో తెలీదు, రెండూ కొంత కొంత కావచ్చు. కూలీలకి మనుషుల్ని పోగేసేవాళ్ళ మోసాలు ఆ రోజుల్లో కొత్తేమీ కాదు. అప్పుల ఇంట్లోంచి ఇరవై రెండేళ్ళవాడికి పారిపోవాలనిపించడమూ కొత్త కాదు.

మామ్మ కొడుకు పేరు సన్యాసి. డర్బన్ ఆవిడ తండ్రి పేరూ సన్యాసే. అన్నదమ్ములిద్దరి వంశాల్లోనూ వాళ్ళ తండ్రి పేరే దిగింది. ఒకళ్ళ ఉనికి ఒకళ్ళకి తెలియకుండానే పెట్టారు. రుజువు కింద ఇది పెద్దగా నిలవదు, ముందే చెప్పాను కదా మా వైపు సన్యాసుల సంగతి. కానీ ఆ పూట ఆ వీధిలో రుజువు అడిగిందెవరు?

ఒకటి మాత్రం ఇక్కడ చెప్పాలి. భోజనాలయ్యాక ఓడ జాబితా అందరూ చూస్తామన్నారు. నేను గట్టిగా చదివి తెలుగులో చెబుతున్నాను. అప్పన్న వరుస కింద ఇంకో వరుస ఉంది. ఆడమనిషి, పేరు గౌరి, వయసు 18, భార్య అని రాసి ఉంది. డర్బన్ ఆవిడకి నాయనమ్మ. జిల్లా మాదే, తాలూకా మాత్రం పాలకొండ. కులం గడిలో వేరే కులం. అప్పన్న ఇంటి నుంచి ఒంటరిగా పోయాడని ఊరందరికీ తెలుసు. అంటే ఈ పెళ్ళి మద్రాసు డిపోలోనే అయి ఉంటుంది. ఓడకి వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండి తీరాలని నియమం, డిపోల్లో ఇలా జతకట్టిన జంటలు చాలా ఉన్నాయి. వాకిట్లో కూర్చున్న పెద్దమనుషుల మొహాలు చూశాను. కులం గడి దాటేసి తర్వాత గడికి పోయాను. ఎవరూ గమనించలేదు. ఇప్పుడైనా అదే చేస్తాను. ఆ పూటంతా తీరిగ్గా దగ్గరైన మనుషుల మధ్య ఒక గుమస్తా గీసిన గడి ఎందుకు?

రాత్రి అనకాపల్లి లాడ్జిలో దింపేటప్పుడు ఆవిడ అడిగింది. "ఒక గడి చదవలేదు కదా మాస్టారూ."

"మీకు తెలుసా అక్కా?"

"ఇరవై ఏళ్ళుగా ఆ కాగితం నా దగ్గరే ఉంది," అంది. తర్వాత, "అక్కడ మాకు అది ఎప్పుడో పోయింది. ఇంకా ఇక్కడుందని తెలుసు. థాంక్స్." అన్నగారు ఆ రోజు మొదటిసారి నోరు తెరిచి, నాయనమ్మ కులం ఏదైనా ఆవిడ చేసిన పులుసు లాంటిది మళ్ళీ తినలేదన్నాడు.

వాళ్ళు వెళ్ళిన ఆరు నెలలకి మామ్మ పేరు మీద డర్బన్ నుంచి మనియార్డరు లాంటిదేదో బ్యాంకు ద్వారా వచ్చింది. కాగితం మీద ఏ వివరమూ లేదు. ఆవిడ రాసిన ఉత్తరంలో ఉంది: బెల్లం డబ్బులు, వడ్డీ లేకుండా. మామ్మ ఆ డబ్బుతో నూకాలమ్మకి చీర పెట్టి, మిగతాది మునిమనవరాలి చెవిపోగులకి ఇచ్చింది. ఎడ్లజత ఖరీదు ఇంకా బాకీ ఉందని చనిపోయేదాకా అంటూనే ఉంది.

ఆ తర్వాత మరికొందరు వచ్చారు. మారిషస్ నుంచి ఒక జంట, మలేషియా నుంచి కొబ్బరి తోటలవాళ్ళ మనవడు ఒకడు. కొందరికి ఊరు దొరికింది, కొందరికి తాలూకా దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు చాలా జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కాయి, డర్బన్ పిల్లలు నంబరు కొట్టి నిమిషంలో వరుస తీస్తున్నారు. అక్కడిదాకా తేలికే. ఇక్కడికొచ్చాక మళ్ళీ అరుగుల మీదే కూర్చోవాలి. ఆ అరుగుల మీది మామ్మలు ఒక్కొక్కరే ఖాళీ అవుతున్నారు.

డర్బన్ ఆవిడకి ఇప్పుడు తొంభై. ఫోన్లో గొంతు సన్నబడింది గానీ అడిగేది అదే: "పాలకొండ సంగతేటి మాస్టారూ?" గౌరి గురించి. గ్రామం గడిలో మొదటి అక్షరాలు 'సింగ' లాగా ఉన్నాయి. తర్వాతది సిరా పాకి చెరిగిపోయింది. తండ్రి పేరు రాముడు. ఆవిడ ఇంట్లోంచి ఎందుకు వచ్చిందో డర్బన్‌లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదట. బెల్లం లాంటి ఆనవాలు ఏదీ లేదు. కాబట్టి పాలకొండ, వీరఘట్టం, సీతంపేట వైపువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంట్లో ముసలివాళ్ళని అడగండి. నెటాల్ అని అడగకండి, రంగం అని అడగండి. 1903 ప్రాంతంలో జాతరకో, పురిటికో, పుట్టింటికో అని బయల్దేరి తిరిగి రాని పద్దెనిమిదేళ్ళ పిల్ల ఉందేమో అడగండి. ఎలాంటి తిట్టుతో గుర్తుంచుకున్నా ఫర్వాలేదు, ఆ తిట్టు కూడా రాయండి.